మరిగే నీళ్లకు బేరం

కలరాకు తగ్గింపు ఇచ్చిన ఆడది సికింద్రాబాదు మొత్తం మీద ఒక్కతే ఉంది. అది నేనే. నవ్వడానికి తొందరపడకండి, మూట మెల్లగా విప్పుతాను.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు. ఊళ్లో చదువుకున్న ఆడపిల్లలందరికీ ఒక్కసారిగా దేశసేవ మీద మనసయింది. రెజిమెంటల్ బజార్లో బట్టల దుకాణందారు కూతుర్ని, నేను మాత్రం ఊరుకుంటానా? గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని ఆరోగ్య ప్రచారానికి బయలుదేరాను. నిజం చెప్పొద్దూ, జీపు ఎక్కొచ్చన్న ఆశ కూడా ఉంది. దొరికింది ఎద్దుబండి.

మల్కాజ్‌గిరి దాటాక ఒక పల్లె. పక్క ఊళ్లో కలరా అప్పటికే మనుషుల్ని ఎత్తుకుపోతోంది. ఇక్కడివాళ్లు తాగేదీ ఆ ఊరి వాగు నీళ్లే. మా పెద్దదిక్కు రత్నమ్మ టీచర్, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మిషన్ బడి పంతులమ్మ.

"నీళ్లు మరగడం మొదలయ్యాక పది నిమిషాలు పొయ్యి మీదే ఉంచమని చెప్పమ్మా. సొంత తెలివి కలపకు," అని ఆవిడ బాలింతల్ని చూడ్డానికి వెనక వీధికి వెళ్లారు.

పది అని మొదటే చెప్పేస్తే నేను దుకాణందారు బిడ్డనెలా అవుతాను? అసలు ధర ముందే చెప్పేవాణ్ణి మా నాయన వెర్రివాడి కింద జమకట్టేవాడు.

"గంటసేపు మరగాలి!" అన్నాను.

వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లకు పెద్ద ఎల్లవ్వ. "గంటనా? కట్టెలు మీ నాయన పంపుతడా బిడ్డా?"

"సరే అవ్వా, నీ మొహం చూసి అర్ధగంట."

"నా మొఖం ఏం జూస్తవ్, నా పొయ్యి జూడు. జెర తగ్గియ్యి."

"పావుగంట. అంతకు తగ్గితే నాకు గిట్టదు."

"గిట్టకుంటే పో."

"పది! ఆఖరి మాట!"

పెళ్లివారికి పట్టుచీర అంటగట్టినంత సంబరపడ్డాను లోపల. అంతలో ఎల్లవ్వ కొంగు దులుపుకుని లేచి నడక మొదలుపెట్టింది. వెళ్లిపోయే గిరాకీని చూస్తే మా వంశంలో ఎవరి నోరూ ఆగదు.

"ఆగవ్వా! ఐదు!"

ఇంకో అడుగు.

"రెండు!"

ఇంకో అడుగు.

"పోనీ, వేడెక్కితే చాల్లే!"

ఎల్లవ్వ తిరిగొచ్చింది. "మరి కొసరు?"

"పండుగ నాడు అసలు కాచకు," అంది నా నోరు, నన్నడక్కుండానే.

"మాకు సుత గదే ధర!" అని మిగతా ఆడవాళ్లంతా అరిచారు.

టీచర్ వచ్చి, నీళ్లు ఎలా కాస్తావు పెద్దమ్మా అని అడిగారు. ఎల్లవ్వ ఛాతీ విరుచుకుంది.

"గోరువెచ్చగ. పండుగకు గది సుత మాఫీ. గంట కాడ షురూ జేసింది, గుంజి గుంజి గీడికి దెచ్చిన!"

టీచర్ నా వైపు చూసిన చూపుకు కుండెడు నీళ్లు అక్కడికక్కడే తెర్లిపోయేవి. "ఈ బేరానికి కలరా కూడా ఒప్పుకుందా అమ్మాయ్?"

అటు తిరిగి, "పది నిమిషాలు మరగాల్సిందే పెద్దమ్మా. తగ్గితే పసివాళ్లు దక్కరు," అన్నారు.

ఎల్లవ్వ మళ్లీ లేచి నడిచింది. నేను నోరు తెరిచేలోగా టీచర్ నా కొంగు పట్టి లాగారు. ఆవిడ మాత్రం పిలవలేదు. కట్టెల మోపు మోసే నెత్తి ఎల్లవ్వది, ఉపన్యాసం మటుకే నాది, ఆ సంగతి నా బుర్రకు అప్పటిదాకా ఎక్కనే లేదు. ఎల్లవ్వ దడి దాకా పోయి ఆగింది.

"నిజంగ దక్కుతరా, టీచరమ్మా?"

"అలా మరిగిన నీళ్లే తాగిస్తే, కలరా భయం చాలా తగ్గుతుంది."

"అయితే పదే." నా వైపు తిరిగింది. "ముందుగల్ల నువ్వే గిట్ల చెప్తే అయిపోవు గద! మీ దుకాణం ఏడ బిడ్డా?"

గిరాకీ తగిలిందని నా ప్రాణం లేచొచ్చింది. "రెజిమెంటల్ బజార్ల అవ్వా, మూల మీదనే!"

"మంచిగ చెప్పినవ్. గా మూలకు రాం."

ఆ రోజే ఎద్దుబండి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: మనుషుల ప్రాణాల విషయంలో ఒకే మాట, ఒకే ధర. చీరలకు ఈ ప్రతిజ్ఞ వర్తించదు.