నేను అనని అంకె

గా కాలంల మా కంగ్టి దిక్కు విమానమంటె చప్పుడు, గంతే. బీదర్ దిక్కుకెల్లి గుర్రుమనుకుంట వచ్చేది. కందిచేన్ల వంగినోళ్లం నడుము మీద చెయ్యి పెట్టుకోని పైకి చూసేటాళ్లకు దాని తోక సుత దొరకకపోయేది. అది సుత మనిషి తోలే బండేనని, దానికి సుత లైసెన్సు పరీక్ష ఉంటదని, ఆ పరీక్షల నా అసొంటి మనిషి మాట పడతదని ఎవరన్న చెప్తె కొడవలి పక్కన పెట్టి నవ్వుదును. నాకు పేరు రాయనొస్తది, గంతకు మించి రాదు. ఇప్పుడు మా కంగ్టి దగ్గరి ఖేడ్‌ల కూసోని నేను చెప్తుంటె మా చెల్లె బిడ్డ రాస్తుంది. (ఉన్నది ఉన్నట్టు రాయి బిడ్డా, మాటలకు పౌడర్ అద్దకు.)

పెండ్లైన రెండేండ్లకు మా ఇంటాయన, నేను పని ఎతుక్కుంట పట్నం అవుతలికి పోయినం. గక్కడ పెద్ద మైదానం, రేకుల షెడ్డు, షెడ్డుల నాలుగు చిన్న విమానాలు. విమానం తోలుడు నేర్పే బడి అది. ఆయనకు వాచ్‌మెన్ పని దొరికింది. మూడో వానకాలం జరం వచ్చి దవాఖానల పండిండు, మల్ల లేవలే. బడోళ్లు నన్ను వెళ్లగొట్టకుంట ఊడ్చే పని, చాయ్ ఇచ్చే పని, విమానాలు తుడిచే పని ఇచ్చిండ్రు. నాకప్పుడు ఇరవై ఆరో, ఇరవై ఆరున్నొక్కటో. (ఆ అంకె సంగతి ముంగట చెప్త.) పనిల చేరిన మొదటి దినమే విమానాన్ని బర్రెను కడిగినట్టు బకెట్లకు బకెట్లు నీళ్లు కొట్టి కడిగిన. మెకానిక్ ఉరికొచ్చి, లోపటికి నీళ్లు పోతె పైన ఆగిపోతదమ్మా అని నెత్తి పట్టుకున్నడు. ఆ దినం నుంచి తడిగుడ్డతోని చంటిపిల్ల మొఖం తుడిచినట్టు తుడుద్దును. మా ఇంటాయన పోయిన దుఃఖం సుత గట్లనే, ఎవ్వరి కంట పడకుంట తుడుసుకుంట ఉన్న.

గా బడిల ఒక పిల్ల ఉండె. పట్నం పిల్ల, ఇరవై నిండలే, శానా పొట్టి. సీట్ల కూసుంటె అద్దంలకెల్లి ఆకాశమే గని నేల కనబడకపోయేది. అందుకని కింద ఒకటి, ఎనక ఒకటి మెత్త ఏసుకునేది. ఆ మెత్తలు మోసుడు నా పని. అందరు మెత్తల మేడం అనెటోళ్లు, ఆమె నన్ను అక్కా అనేది. గాలిలకు లేసినంక ఆ పిల్ల పిట్టనే అని నేర్పే సారు సుత అనెటోడు. కష్టమంత నేల మీద. ఎక్కేముందు విమానం సుట్టు తిరిగి ఒక్కొక్కటి ముట్టి చూడాలె. రెక్క మంచిగున్నదా, చక్రంల గాలున్నదా, ఇంజన్ల నూనె ఉన్నదా అని మొత్తం పన్నెండు. చేతుల కాయితం ఉంటది, గని పరీక్ష వెట్టే పెద్దసారు కావాలని నడుమల ఏదో ఒకటి అడుగుతడు. ఈమె జవాబు చెప్తది, చెప్పి కాయితం చూస్తె ఏ గీత మీదున్నదో మరుస్తది. మొదటిసారి గట్లనే రెక్క కింది సూదికి తొడిగిన ఎర్రగుడ్డ తియ్యకుంటనే ఎక్కి కూసున్నది. (ఆ గుడ్డ ఉంటె ఎంత జోరుల పోతున్నరో లోపటి ముల్లు చూపియ్యదట.) రెండోసారి నూనె చూడకుంటనే చూసిన అన్నది. ఇగ మూడోసారి సుత తప్పితె ఈ పని నీకు గాదు, వేరే చదువు చూసుకో అని బడి పెద్దాయన మొఖం మీదనే చెప్పిండు.

ఆ మాపటికి షెడ్డు మూలకు మెత్త మీద కూసోని మొఖం మోకాళ్లల్ల పెట్టుకున్నది. నేను చాయ్ పక్కన పెట్టిన. "అక్కా, నాకు అన్ని వస్తయి. ఎవరన్న మాట్లాడిస్తెనే పోతయి" అన్నది. నాకు మా నాయిన యాదికొచ్చిండు. మా నాయిన కల్లంల జొన్నలు కొలిచెటోడు. సుట్టు పది మంది లొల్లి. ఒకడు చుట్ట అడుగుతడు, ఒకడు కోడలి మీద చాడీ చెప్తడు, ఒకడు లెక్క తప్పియ్యాలనే మాట కలుపుతడు. మా నాయిన కుంచం ముంచినకాడికెల్లి కుప్పల పోసేదాక ఒక్కటే అంకె అనుకుంట ఉండెటోడు. మొదటిదాన్ని ఒకటి అనకపోవు, లాభం అనెటోడు. లాభమే లాభం, లాభమే లాభం, పోసినంక రెండే రెండు, రెండే రెండు. నోట్ల అంకె ఉన్నంతసేపు తాసీల్దార్ పిలిచినా పలకకపోవు. గదే ఆ పిల్లకు చెప్పిన. "కాయితం గాలికి ఎగురుతది బిడ్డా, నోట్లది ఎగరది. ముట్టినదాన్ని ఇడిసేదాక దాని అంకె ఇడువకు" అన్న.

తెల్లారి నుంచి మొదలువెట్టినం. ఆమె ముట్టుకుంట లెక్క పెట్టాలె, నేను పెద్దసారు తీర్గ నడుమల అడగాలె. సార్లు ఏమడుగుతరో నాకేమెరుక. కూరేం చేసినవ్, మీ అమ్మ మంచిదా మీ నాయిన మంచోడా, పెండ్లెప్పుడు చేసుకుంటవ్ అని అడుగుదును. పెండ్లి మాటకు మొదటి రెండు దినాలు లెక్క తప్పింది, తర్వాత దానికి సుత తప్పలే. ఒక్కటే చిక్కు. ఆరైనంక మా నాయిన ఆరున్నొక్కటి అనెటోడు, నేను గదే నేర్పిన. ఎందుకక్కా గట్ల అని ఆమె అడిగింది. ఎందుకో చెప్పాలంటె ఆ అంకె నోటితోని అనాలె. మా దిక్కు కల్లంల మట్టుకే అనరు. నేనైతె మా ఇంటాయన పోయిన దినం నుంచి యాడ సుత అనలే. ఆ నంబరు బస్సును సుత చెయ్యి చూపిచ్చే ఎక్కుదును. "గది గంతే, అడుగకు" అన్న. ఆమె మల్ల అడుగలే.

పరీక్ష దినం పొద్దుగాల్నే మెత్తలు సీట్ల పెట్టి, నేను షెడ్డు తలుపు ఎనక్కు పోయి నిలబడ్డ. మంచి పనికి పోయేటోళ్లకు మొగుడు పోయినదాని మొఖం ఎదురు రావద్దంటరు గద. మొత్తం దాగిన అనుకున్న గని, చేతుల ఉన్న ఊడ్చే పొరక తలుపు బయటికి కనబడుతున్నదట. పెద్దసారు వచ్చిండు. తెల్ల మీసాలు, మడత చెడని అంగీ, పట్నం పాతబస్తీ మనిషి. ఉర్దూ ఎక్కువ, తెలుగు సుత మంచిగనే వచ్చు. ఆయన నవ్వంగ చూసినోళ్లు బడిల లేరు. పిల్ల రెక్క మీద చెయ్యేసి లాభమే లాభం అన్నది. సారు కండ్లు లేపి చూసిండు. నాలుగు కాడ నూనె పుల్ల తీస్తుంటె, గాలి ఏ దిక్కుకెల్లి వస్తుంది బేటా అని అడిగిండు. ఆమె ఒక చెయ్యి అడ్డం పెట్టి, నాలుగే నాలుగు అనుకుంట పుల్ల చూసి, లోపట పెట్టి, మూత బిగిచ్చి, అప్పుడు పడమటికెల్లి సార్ అన్నది. ఆరు కాడ ఎర్రగుడ్డ తీసి జేబుల పెట్టుకున్నది. తర్వాత రెక్క కింద గలాస పెట్టి పెట్రోల్ పట్టింది. పెట్రోల్ల నీళ్లుంటె అడుగున కనబడతయి. ఆరున్నొక్కటి, ఆరున్నొక్కటి అనుకుంట ఎండకు పెట్టి చూసింది. ఎనిమిదే ఎనిమిది అని అడుగేసింది.

"ఠైరో" అని ఆపిండు సారు. ఆయన సుత చేతి ఏళ్లు మడిచి లెక్క పెడుతుండట. "సాత్ కిదర్ గయా?" ఆరు తర్వాతది యాడ పోయిందని అడుగుడు.

ఇడువలే సార్, ఆరున్నొక్కటి అంటె గదే అన్నది పిల్ల. గట్లెందుకంటున్నవ్ అని అడిగిండు. ఆమెకు తెల్వదు. నేను చెప్తె గద తెలుసుడు. కాయితం దిక్కు చూసింది, గలాస దిక్కు చూసింది. "ఎందుకు చేస్తున్నవో తెల్వకుంట చేసేది విమానం కాడ నడువది బేటా" అని సారు జేబులకెల్లి పెన్ను తీసిండు. అప్పుడామె, మా అక్క గట్ల నేర్పింది సార్ అన్నది. ఏ అక్క అంటె పొరక దిక్కు చెయ్యి చూపిచ్చింది.

కొంగు నెత్తి మీదికి గుంజుకోని, మొఖం పక్కకు తిప్పుకోని బయటికొచ్చిన. ఊడ్చేదాన్ని ఎన్నడు ఎవ్వరు ప్రశ్న అడుగలే, అడిగితె గిదే అడిగిండ్రు. "ఏమమ్మా, ఆరు తర్వాత ఏమొస్తది?"

"ఆరున్నొక్కటి సారు."

"దానికి పేరు లేదా?"

పెన్ను కాయితం మీదనే ఉన్నది. పిల్ల గలాస ఇడువకుంట పట్టుకోని ఉన్నది.

"ఏడు సారు" అన్న. "కొలిచేటప్పుడు ఆ మాట అంటె ఇంట్ల ఏడుపు జొస్తదని మా దిక్కు అనం. పిల్ల పెట్రోల్ చూసింది, గలాస చేతుల్నే ఉంది. ఎందుకో చెప్పకపోవుడు నా తప్పు, ఆమెది గాదు."

అన్ననో లేదో, ఇగ ఏడుపు వచ్చింది. మా ఇంటాయన పోయిన దినం సుత నలుగురి ముంగట గట్ల రాలే. పొరక కింద పడ్డది, నేను సుత కిందనే కూలబడ్డ. మా వాళ్లు ఆ అంకె గురించి చెప్పింది వట్టి మాట గాదని గప్పుడే నాకు నమ్మకం కుదిరింది. సారు పిల్ల చేతులకెల్లి గలాస తీసుకోని ఎండకు పెట్టి శానాసేపు చూసిండు. నీళ్లు లేవు. పెన్ను మల్ల జేబుల పెట్టుకున్నడు. "ఎనిమిది చెప్పు బేటా" అన్నడు.

వాళ్లు గాలిల ఉన్న గంటన్నర నేను ఊడ్చిన కాడనే ఊడ్చిన. చప్పుడు దూరమైతె ఎటు పోయిండ్రోనని, దగ్గరైతె ఎందుకొస్తుండ్రోనని పరేషాన్. దిగేటప్పుడు చక్రాలు నేలకు ముట్టిన దుమ్ము సుత లేవలే. సారు దిగి, రెక్క మీదనే కాయితం పెట్టి సంతకం చేసి, ఆమె భుజం తట్టిండు. ఆమె ఉరికొచ్చి నన్ను పట్టుకున్నది. పొట్టిది గద, ఆమె నెత్తి నా గదుమ కింద పట్టింది. పాసైన అక్కా అన్నది, గంతే.

లైసెన్సు చేతికొచ్చినంక నా పక్కన మొదలు కూసునేది నువ్వే అన్నది. మొదటిసారి నా అసొంటిది వద్దు బిడ్డా, మీ అమ్మను ఎక్కిచ్చుకో అన్న. "నువ్వు ఎక్కకపోతె నేను సుత ఎక్క" అని షెడ్డు కాడ కింద కూసున్నది. ఇగ ఎక్కిన. చక్రాలు నేల ఇడిసినయని కడుపుకు తెలిసింది, గా చిటికెల్నే కండ్లు మూసిన. అగో చెరువు చూడు అక్కా, అగో మీ ఊరికి పోయే సడక్ అటే అక్కా అని పిల్ల చూపిస్తనే ఉన్నది. ఆఁ మంచిగున్నది, ఆఁ మంచిగున్నది అనుకుంట నేను రెండు చేతులతోని సీటు పట్టుకోని కూసున్న. దిగినంక నా మొఖం చూసి ఆమె మస్తు ఖుషీ అయింది. చూడలేదని ఆమెకు ఎన్నడు చెప్పలే.

ఆ పని ఇడిసి ఖేడ్‌కు వచ్చినంక ఆడోళ్లు సుట్టు మూగి పైకెల్లి ఎట్ల కనబడ్డదే అని అడిగెటోళ్లు. ఇండ్లు అగ్గిపెట్టెలు, మనుషులు చీమలు అని, ఆ బడి పిల్లలు చెప్పంగ ఇన్న ముచ్చటే చెప్తుంటి. ఒక ముసలామె మన బోరంచ పోచమ్మ గుడి కనబడ్డదా అంటె, కనబడ్డది, దండం సుత పెట్టుకున్న అన్న. తల్లి నన్ను మన్నించాలె. ఇన్నేండ్లకు గీ కాయితం మీదనే నిజం చెప్తున్న. ఇప్పుడు ఎండల మంచమేసుకోని కూసుంటె, సీటు పట్టుకోని కండ్లు బిగవట్టిన గా చిన్నది, గప్పటి నేనే, యాదికొస్తది. తిట్టబుద్ధి కాదు, నవ్వొస్తది. భూమి ఇడిసి గంత పైకి పోయినవు, ఒక్క కన్నన్న తెరువకపోతివి గదనే పిచ్చిదానా.