ఎర్ర గీత మీద బొట్టు

దసరా పూజలో అమ్మ మా కారు మీటరు అద్దానికీ బొట్టు పెట్టింది. అది సరిగ్గా ఇంజను వేగానికి హద్దు చెప్పే ఎర్ర గీత మీద పడింది.

మర్నాడు కంగ్టి రోడ్డు మీద నాన్న డ్రైవింగ్ నేర్పుతుంటే, మూడో గేరులో జోరుగా పోతూ నాలుగుకు బదులు రెండు వేశాను. ఇంజను కేక పెట్టింది. ముల్లు బొట్టు దాటింది.

“భయపడకు బిడ్డా, హద్దు దాటితే కారుల ఉన్న కంప్యూటరే ఆపుతది,” అన్నాడు నాన్న.

యాక్సిలరేటరు తొక్కి హద్దు దాటిస్తేనే అది ఆపుతుందని, తప్పు గేరు వేస్తే చక్రాలే ఇంజన్ను తిప్పేస్తాయని కారు పుస్తకంలో చదివాను.

టకటకమంటున్న ఇంజన్ను ఖేడ్‌లో మెకానిక్ విప్పి, “వాల్వులు వంగినయ్,” అన్నాడు.

“మరి కంప్యూటర్ ఏం జేస్తుండె?” నాన్న కోప్పడ్డాడు.

“బొట్టు అడ్డమాయె, దానికెట్ల కనబడ్తది?” అంది మాతో వచ్చిన అమ్మ.

తప్పు నాదని నేను చెప్పేలోపే నాన్న మీటరు అద్దం తుడవడం మొదలుపెట్టాడు.