ముందుకు ఒకటే గేరు

మా తమ్ముడికి ఒక రేసు కారు ఉండేది. నిజంగా ఏ రేసులో పరుగెత్తిందో తెలియదు గానీ, పాల్వంచలో అందరూ దాన్ని అలాగే పిలిచేవాళ్ళు. రెండే సీట్లు, పైన టాపు లేదు, నేలకు జానెడెత్తున ఎర్రగా సాగిలపడి ఉండేది. పవర్ స్టేషన్ కట్టేటప్పుడు వచ్చిన ఎవరో దొర వదిలేసి పోయాడట. నాలుగు చేతులు మారి, కోళ్ళు గుడ్లు పెట్టుకునే స్థితిలో మావాడి కంట పడింది. వాడు ప్లాంటు స్టోర్సులో గుమాస్తా. మా ఆయన ఉద్యోగమూ అక్కడే కాబట్టి మా క్వార్టర్లోనే ఉండేవాడు. వాడితో పాటు కారూ వచ్చి నా పెరట్లో, బట్టలారేసే తీగ కింద, కాపురం పెట్టింది. ఎనభైల మొదటి సంగతి ఇది. ఆ తీగ గురించి నాకు ఇంకా కోపమే.

తల్లాడ పక్క ఊరికి పెళ్ళిచూపులకు ఆ కారులోనే పోయాం. నేను పక్క సీట్లో కొంగు బిగించి పట్టుకుని కూర్చున్నాను. చూపులు బాగానే జరిగాయి. బయటికొచ్చి కారెక్కితే ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి తోసినా కదలిక లేదు. పిల్ల గుమ్మం పక్కన నిలబడి చూస్తోంది.

"బండి మంచిగనే ఉంది. తోసెటోళ్లను గుడ ఎంబడి తెచ్చుకుంటె అయిపోతుండె," అంది.

నాకు పిల్ల అక్కడే నచ్చేసింది. మావాడి చెవులు మాత్రం కారు రంగుకు తిరిగాయి.

"పెండ్లినాడు ఎవ్వలు తోయకుండ వస్త, చూడు," అన్నాడు.

వాడు ఆ పిల్లతో మాట్లాడిన మొదటి మాట అదే. ఇద్దరం లారీలో ఇంటికొచ్చాం, వెనకాల కారునెక్కించుకుని.

పెళ్ళి కుదిరింది, పాత ఇంజను మాత్రం ఇక పనికిరాదని తేలింది. ములకలపల్లి రూట్లో తిరిగి తిరిగి ఒళ్ళంతా తుప్పు పట్టిన ఒక టాక్సీ అంబాసిడర్ దొరికింది. దాని ఇంజను మాత్రం గట్టిగానే ఉంది. దాన్ని తీసి మన కారులో పెట్టేద్దామన్నాడు వాడి దోస్తు. ఆ దోస్తు ప్లాంటులో ఫిట్టరు.

"రేసు కారుకు టాక్సీ ఇంజను ఏంది?" అన్నాను.

"టర్బైను ఇప్పి బిగించెటోన్ని అక్కా, నాకు గిదొక లెక్కనా," అన్నాడు.

ఇంజను పెట్టారు. దానికి పాత గేరుబాక్సు కలవలేదు. టాక్సీ గేరుబాక్సు పెట్టారు. దానికి పాత వెనక ఇరుసు కలవలేదు. టాక్సీ ఇరుసూ తెచ్చారు. చివరికి ఇంజను ఎత్తు ఎక్కువై బానెట్టు మూతపడకపోతే, బానెట్టుకు బొక్క కొట్టి, పైన నా అన్నం వండే పెద్ద సత్తుగిన్నె బోర్లించి, ఎర్ర రంగేసి బిగించారు. నన్ను అడగలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టబోయేసరికి గిన్నె లేదు.

ఈ పనికి కాలనీలో సగంమంది వచ్చేవాళ్ళు, షిఫ్టుల వారీగా. పొద్దుటి డ్యూటీ దిగినవాళ్ళు ఒక పూట, రాత్రి డ్యూటీ వాళ్ళు ఒక పూట. ప్లాంటులో వాళ్ళకొక అలవాటు ఉంది: ముందు షిఫ్టువాళ్ళు దేన్ని ఎలా వదిలిపోతే దాన్ని అలాగే ఉంచి పని కొనసాగించాలి, సొంత తెలివి చూపించకూడదు. అక్కడ ఆ అలవాటు వల్ల ఊరికంతా కరెంటు వస్తుంది. నా పెరట్లో ఏమైందంటే, ఒక షిఫ్టువాళ్ళు మట్టి గోకడానికి ఇరుసును తలకిందులుగా తిప్పి, సైరన్ వినపడగానే డ్యూటీకి పరుగెత్తారు. తర్వాతి షిఫ్టువాళ్ళు వచ్చి, దాన్ని ఉన్నదున్నట్టే బిగించారు.

కారు ఇటుకల మీద ఉండగానే ఇంజను స్టార్టు చేసి చూశారు. చక్రాలు గిర్రున తిరిగాయి. తిరుగుతున్నాయని అందరూ చూశారు గానీ, ఎటు తిరుగుతున్నాయో ఎవరూ చూడలేదు. టీలు తాగి వెళ్ళిపోయారు.

పెళ్ళినాడు పొద్దున్నే కారు కిందికి దించి మొదటి గేరు వేస్తే, అది వెనక్కి పోయి నా తీగను, దాని మీది పట్టుచీరతో సహా, తెంపేసింది. రెండో గేరు వేసినా వెనక్కే. ఫిట్టరు వంగి తలకిందులైన ఇరుసును చూసి, లేచి రివర్సు వేశాడు. కారు వినయంగా ముందుకు కదిలింది.

"ముందుకు ఒకటే గేరు ఉన్నది. అయితే ఏమాయె, నడుస్తది గద," అన్నాడు.

అలా బయలుదేరాం. కారులో మావాడు, నడిపేది ఫిట్టరు. మిగిలిన వాళ్ళం కిరాయి బస్సులో. మా బస్సు కొంత దూరం పోయి ఆగేది, కారు వచ్చేదాకా చూసేది, మళ్ళీ కదిలేది. సైకిళ్ళవాళ్ళు కారును దాటిపోతూ పెళ్ళికొడుకుతో మాట కలిపి మరీ పోయారు. ఇంజను మాత్రం ఆగలేదు. మావాడి ముఖంలో ధీమా రావడం బస్సు వెనక అద్దంలోంచి నాకు కనిపించింది.

ఎదురుకోళ్ళకు ఆడపెళ్ళివాళ్ళు పొలిమేర దాకా వచ్చారు. డప్పులు మోగాయి. పిల్ల తండ్రి పూలదండతో ముందు నిలబడ్డాడు. మర్యాదకు కారు ఆపారు. మళ్ళీ కదలాలి. పొద్దుటి నుంచి గేరు తప్పకుండా వచ్చిన ఫిట్టరు, ఆ డప్పుల హోరులో పాత అలవాటుగా మొదటి గేరు వేశాడు.

పెళ్ళికొడుకు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. దండ పిల్ల తండ్రి చేతిలోనే ఉండిపోయింది. కారు మిరపచేను గట్టుకు తగిలి ఆగింది, ఇంజనూ ఆగింది, డప్పులూ ఆగిపోయాయి.

"అలిగిండు," అన్నారు ఎవరో.

అంతే, ఆడపెళ్ళివాళ్ళంతా చేను గట్టు మీదికి పరుగెత్తారు. నేనూ బస్సు దిగి పరుగెత్తాను. "ఏం తక్వ చేసినం అల్లుడా? గడియారం కావాల్నా, రేడియో కావాల్నా?" అంటున్నాడు ఆ పెద్దమనిషి రొప్పుతూ. మా మేనమామ అవకాశం పోనివ్వకుండా "అడుగురా, అడుగు" అని వాణ్ణి పొడుస్తున్నాడు. ఫిట్టరు ఎంత తిప్పినా ఇంజను పలకకపోతే, మా కుర్రాళ్ళేమో కారు తోయడానికి చొక్కా చేతులు మడుస్తున్నారు.

"ఎవ్వలన్న చెయ్యి ఏసిన్రో, దిగి పాల్వంచకు నడ్సుకుంట పోత," అన్నాడు మావాడు. ఆ పంతం దేనికో అక్కడ నాకొక్కదానికే తెలుసు. నవ్వు ఆపుకోలేక చచ్చిపోతున్న నాకు, ఉన్నట్టుండి వాడి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

పెద్దాయన మళ్ళీ అడిగాడు. "ఏం కావాలె బిడ్డా?"

"ఎడ్లు," అన్నాడు మావాడు. "ఒక జత."

మా మేనమామ తల పట్టుకున్నాడు. పెద్దాయన తన ఎడ్లనే విప్పించి కారుకు కట్టించాడు. సత్తుగిన్నె కిరీటంతో రేసు కారు చప్పుడు లేకుండా ఊళ్ళోకి ప్రవేశించింది. ఫిట్టరు స్టీరింగు పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు.

నేను లోపలికి పోయేసరికి పెళ్ళికూతురు కిటికీ దగ్గర ఉంది. కాటుక చెదిరిపోయి ఉంది.

"తోసిన్రా వదినె?"

"లే. ఒక్కలు గుడ చెయ్యి ఎయ్యలే."

"మిద్దె మీదికెల్లి చూసిన. ఎనకకు పోతుంటె, నేను నచ్చలేనేమో, పోతున్నడనుకున్న. పానం పోయింది వదినె," అంది. తర్వాత నవ్వింది. నేను ఆమె కాటుక దిద్దాను.

మర్నాడు అప్పగింతలు. తల్లీ కూతుళ్ళు కావలించుకుని ఏడుస్తుంటే మాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. కారును రోడ్డు దాకా లాగడానికి మళ్ళీ అవే ఎడ్లు. పిల్ల మావాడి పక్కన కూర్చుంది, ఈసారి నడిపేది మావాడే. స్టార్టు చేస్తే ఇంజను మోగింది. ఫిట్టరు సంతోషంగా ఎడ్లను విప్పబోయాడు.

కొత్త పెళ్ళికూతురు గేరు వైపు ఒకసారి, గుమ్మంలో కళ్ళొత్తుకుంటున్న తల్లి వైపు ఒకసారి చూసింది.

"ఊరు దాటెదాంక ఉండనియ్యి అన్నా," అంది మెల్లగా. "ఎనకకు వస్తె మా అమ్మ మల్లొకసారి ఏడ్వాలె."