ఇరవై ఏడు పేర్లకు ఒకే మెయిల్

మార్చి 3: బావులు కొలిచే మా సంఘం వెబ్‌సైటులో పాత పాస్‌వర్డులన్నీ రద్దు చేశారు, సభ్యులకు ముందుగా చెప్పలేదు.
మార్చి 4: ఇరవై ఏడుగురు రాసిన బావుల కొలతలు ఒకే పేరు కిందకు చేరాయి.
మార్చి 19: నా మొదటి లేఖ. జవాబు లేదు.
ఏప్రిల్ 11: రెండో లేఖ. అందినట్టు సంతకం చేశారు, జవాబు లేదు.
జూన్ 2: హనుమంతరాయప్పగారు కాలం చేశారు.
జూన్ 20: మూడో లేఖ. కార్యదర్శిగారు "చూస్తాం" అని నోటిమాటగా చెప్పారు.

ఈ ఉదయం హిందూపురంలో సంఘం కార్యాలయంలో ఈ పుట తెరిచి కూర్చున్నాను. సొరుగులోని సంఘం ఫోను చెక్కకు కొట్టుకుంటూ గుర్రుమంది. తెర మీద సంఘం మెయిల్‌కు వచ్చిన ఆరంకెల సంఖ్య. నిన్ననే చెప్పి పెట్టిన అగళి సభ్యుడు వెబ్‌సైటులోకి రావాలని ప్రయత్నిస్తున్నాడు. నేను ఫోను చేసి ఆ సంఖ్య చదివి చెబితే తప్ప అతనికి తలుపు తెరుచుకోదు. హనుమంతరాయప్పగారికీ ఆఖరి రోజుల్లో ఇలాగే చదివి చెప్పాను. అందుకే ఆ చప్పుడు వింటే నాకు పని సాగదు.

నేను పెనుకొండ తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరిన నాటికి ఆయన అక్కడ హెడ్ గుమాస్తా. మొదటి వారంలోనే భూముల అడంగల్ లెక్కకు నకలు రాస్తూ, వివరం తెలియక ఒక గడి ఖాళీగా వదిలాను. ఆయన పుస్తకాన్ని నా ముందుకు జరిపి, "ఏమబ్బా, ఈ గడి ఎవురికోసం అట్టిపెట్టినావు?" అన్నారు. తెలియలేదన్నాను. "తెలీకుంటే తెలీదని రాయి. ఖాళీగా ఇడిస్తే రేపు ఇంకోడొచ్చి కాపురం పెడతాడు." పక్క బల్లల వాళ్ళు నవ్వారు. ఆ రోజు నుంచి ఏ కాగితంలోనూ నేను గడి ఖాళీగా వదిలి ఎరుగను. నా జీవితంలో నేను గర్వపడ్డ అలవాటు అదొక్కటే.

ఉద్యోగ విరమణ తరువాత ఆయన ముడులు వేసిన తాడు పట్టుకుని బావులు కొలవడం మొదలుపెట్టారు. బుక్కపట్నం, ఆమడగూరు, ఎక్కడికైనా బస్సులోనే ప్రయాణం. ఆయన్ను చూసి మరికొందరు కలిశారు. అలా సంఘం ఏర్పడింది. కొలతలు రాయడానికి ఒక వెబ్‌సైటు తయారు చేయించి, కార్యాలయంలోని మా సొంత కంప్యూటరులోనే పెట్టుకున్నాం. ఆమడగూరు దగ్గర ఒక రైతు, "నీళ్ళే లేని బాయికి కొలతెందుకు సామీ, పనీపాటా లేదా?" అని ఎగతాళి చేస్తే, ఈయన తాడు పైకి లాగుతూ, "ఎండిపోయిందని ఒగడు చూసినట్టన్నా ఉండాల గదప్పా" అన్నారు. ఆ కొలత పక్కన ఆయన పేరు ఉండేది. ఆ ఒకడు ఎవరో చెప్పడానికి వేరే ఆధారమేదీ లేదు.

సభ్యులు పాస్‌వర్డులు మరచిపోతున్నారని కార్యదర్శిగారికి విసుగు. బయటి సంస్థ ఒకటి మనిషిని గుర్తుపట్టి పంపుతుందట. దాని మాట నమ్మి మా వెబ్‌సైటు తలుపు తీస్తుందట. ఆ ఏర్పాటు చేయడానికి ధర్మవరం నుంచి సుజాత అనే ఇంజనీరు వచ్చింది. సభ్యుల జాబితా అడిగింది. పేరు పక్కన మెయిల్ అనే గడి. చాలామందికి మెయిల్ లేదు. గడి ఖాళీగా వదలకూడదు గనుక, అలా లేని ఇరవై ఏడు పేర్ల ఎదుటా సంఘం మెయిలే రాశాను. హనుమంతరాయప్పగారి పేరు ఎదుట కూడా.

సుజాత జాబితా చూసి ఆగింది. "సార్, మెయిల్ ఒకటే అయితే మనిషీ ఒకడే అనుకుంటాది ఇది. ఒక వారం టైమియ్యండి, ఒక్కొక్కరికి వేరే మెయిల్ పెడదాం. ఇద్దరితో చూసినంక పాతవి ఆపుదాం."

"ఇంగా వారమా? ఇరవై ఏడు మందికి ఇదేమన్నా పెండ్లి సంబంధమామ్మా?" అన్నారు కార్యదర్శిగారు. పాత సమాచారానికి ఆమె ఒక నకలు తీసి డిస్కులో ఆయన చేతికిచ్చింది. ఒకే మెయిల్ ఉన్న ఖాతాలను కలిపేయాలా అని తెర అడిగింది. ఆయన అవునని నొక్కారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

పెనుకొండ వెళ్ళి హనుమంతరాయప్పగారికి చెప్పాను. మంచం మీద కూర్చుని నా ఫోనులో చూసుకున్నారు. ప్రతి కొలత పక్కనా "సంఘం కార్యాలయం" అని ఉంది.

"నేను రాసినేటియి యాడికి పోయినాయి?"

"ఆడనే ఉండాయి సార్. పేరు మాత్రమే..."

"కార్యాలయం పోయి బాయిలోకి తాడు ఇడిసిందా?" మళ్ళీ ఆయనే అడిగారు. "ఆ జాబితా ఎవురు నింపినారు?"

"నేనే సార్."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "లేనోళ్ళకు లేదని రాయాల గదప్పా" అని ఫోను నా చేతిలో పెట్టి అటు తిరిగి పడుకున్నారు. ఆయన నేర్పినదానిలో సగమే నాకు పట్టుబడిందని నలభై ఏళ్ళ తరువాత తెలిసింది. సరిదిద్దుకునే లోపే ఆయన వెళ్ళిపోయారు.

ఇప్పుడు ప్రతి నెలా ఆయన బావులు నేనే కొలుస్తున్నాను. కొలతలు కాగితం మీదే రాసుకుంటున్నాను. వెబ్‌సైటులో పెట్టడానికి చేతులు రావు.

కార్యదర్శిగారూ, ఇది మీకు నా నాలుగో లేఖ. జాబితాలో నేను చేసిన తప్పును ఇందులో ఒప్పుకుని సంతకం చేస్తున్నాను. సుజాత ఇచ్చిన డిస్కు మీ వద్ద ఉన్నదా, దానిని తెరిచి చూశారా, దాని ఆధారంగా ఎవరి కొలతలను వారి పేరుకు తిరిగి చేర్చగలరా? ఈ మూడింటికీ పదిహేను రోజులలోగా లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసినదిగా కోరుతున్నాను. డిస్కు పోయి ఉంటే పోయిందనే రాసి ఇవ్వండి. ఆయన ఇంటివారికి నేను ఏదో ఒకటి చూపించాలి.