తిన్నె మీద టెన్నిసు

మా నాయన చిత్తూరులో ప్లీడరు. ఆయనకొక కోర్టు ఉండేది, నాకొక కోర్టు ఉండేది. ఆయనది జిల్లా కోర్టు. నాది మిషను వాళ్ళ ఆడపిల్లల హైస్కూలు వెనక, సున్నంతో గీతలు గీసిన ఎర్రమట్టి కోర్టు. ఆయన అక్కడ గెలిచినన్ని నేను ఇక్కడ ఓడాను. నా సర్వీసు వంటింట్లో ఉన్నంత కుదురుగా ఆటలో ఉండేది కాదు. బంతిని నెట్టు మీదుగా కొట్టమంటే నెట్టులోకే నెట్టేదాన్ని. అయినా జంటల ఆటకు స్కూలు తరఫున నన్ను తీసుకున్నారంటే అది నా జోడీ చలవ. హాస్టల్లో ఉండే సత్యవేడు వైపు పిల్ల అది. తన బంతులన్నీ తాను కొట్టి, నావి కూడా ముక్కాలు మువ్వీసం తానే కొట్టేది.

యుద్ధం రోజులు. కొత్త బంతులు దొరికేవి కావు. నూగంతా రాలిపోయి నున్నబడ్డ బంతులతోనే ఆడేవాళ్ళం. కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చాయని నవ్వుకునేవాళ్ళం. సీమదేశాల్లో పెద్ద పెద్ద పోటీలు కూడా ఆగిపోయాయి. మా వీధి తిన్నె మీద మాత్రం ఆగలేదు. రోజూ సాయంత్రం మా నాయనా, ఎదురింటి ప్లీడరూ కూర్చుని, లోకంలో టెన్నిసు ఆడిన ఆడవాళ్ళందరిలో గొప్పది ఎవరని వాదించుకునేవాళ్ళు. నాయన ఫ్రాన్సు ఆమె పక్షం. ఎదురింటాయన అమెరికా ఆమె పక్షం. తీర్పు చెప్పడానికి రిటైరయిన జడ్జిగారు ఒకరు పడక కుర్చీలో ఉండేవారు. ముగ్గురిలో ఒక్కరూ ఏనాడూ బేటు పట్టి ఎరగరు. పత్రికలు చదివి, కేసు నడిపినట్టు నడిపేవాళ్ళు. వాదన, ఎదురు వాదన, చీకటి పడితే వాయిదా.

ఒక రోజు పొద్దున నాయన తలపాగా చుట్టుకుంటుంటే అడిగాను.

"శనివారం తిరుపతి స్కూలోళ్ళతో ఆట ఉండాది నాయనా. టీచరమ్మే తోడొస్తాది. రైల్లో పోయి రాత్రికి వచ్చేస్తాము."

"యాడ ఆడతారు?"

"ఆళ్ళ స్కూలు మైదానంలో."

"సుట్టూ గోడ ఉండాదా?"

"లేదు."

"అయితే దావన పొయ్యే మగోళ్ళంతా నిలబడి సూస్తారు. పెండ్లి కావలసిన పిల్లవు, పదిమంది ముందర ఎగిరేదేంది? వొద్దు."

అప్పీలుకు అవకాశం లేని తీర్పు. బేటు పట్టిన చేతిని బయటికి పట్టుకుపోయే కాళ్ళు నాయన దగ్గర తాకట్టులో ఉన్నాయని ఆ పొద్దు తెలిసింది.

ఆ సాయంత్రమే తిన్నె మీద వాదన ముదిరింది. ఫ్రాన్సు ఆమె ఎడమ పక్క బంతిని గాల్లోకి ఎగిరి కొట్టేదట. అట్లా కొట్టేవాళ్ళు ముందూ లేరు, తర్వాతా లేరని నాయన.

"ఎగిరి కొట్టేదంటే ఎట్ల కొట్టేదప్పా? నాకు అర్థం గాలా," అన్నారు జడ్జిగారు. "మీరిద్దురూ సూసింది లేదు. ఇన్న మాట సాక్ష్యం కాదు."

నాయన లోపలికి కేకేశాడు. "పాపా! బేటు ఎత్తుకోని ఇట్ల రా."

మగవాళ్ళు కూర్చుని ఉండగా నేను గడప దాటి తిన్నె మీదికి వచ్చింది లేదు. గడప లోపలే నిలబడ్డాను.

"రామ్మా, సిగ్గెందుకు? అందురూ మనోళ్ళే. ఎడమ పక్క బంతిని ఎగిరి ఎట్ల కొడతారో అయ్యగారికి సూపించు."

"ఎగరమంటావా నాయనా?"

"ఆ, ఎగిరే సూపించు."

"పొద్దున పదిమంది ముందర ఎగరగూడదంటివే!"

ఎదురింటాయన తొడ చరుచుకున్నాడు. "ఏమప్పా, నీ సాక్షే అడ్డం తిరిగె!"

జడ్జిగారు నవ్వు ఆపుకుని, సంగతేమిటని నన్నే అడిగారు. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే నాకు ఆశ పుట్టింది. ఎన్నో ఏళ్ళు న్యాయం చెప్పిన మనిషి గదా.

"అది మీ ఇంటి యవ్వారం పాపా. ఈ బెంచీ ముందర లేదు," అన్నారు.

ముగ్గురూ నవ్వారు. వద్దన్నందుకు కాదు, ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయినా ఆరలేదు.

శుక్రవారం పొద్దుగూకేదాకా నన్ను పంపమని అమ్మ నాయనను బతిమాలుతూనే ఉంది. శనివారం పొద్దున స్టేషనుకు కబురు పంపాను, నేను రావడం లేదని. రైలు పాకాల మీదుగా వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రం నా జోడీ పెరటి వాకిలి దగ్గరికి వచ్చింది. కిరస్తానీ పిల్ల, అంతకంటే లోపలికి రమ్మనే ఇల్లు కాదు మాది.

"ఏమే, కాలు ఇరిగిందా?"

"లేదు."

"జొరమా?"

"లేదు. మా నాయన పంపలా."

"ఆట రద్దు సేసుకుందామనె టీచరమ్మ. నేను ఒప్పుకోలా. ఆ పక్క ఇద్దురు, ఈ పక్క నేనొక్కదాన్నే. ఉరికి ఉరికి సచ్చినా. ఒక్క గేమన్నా రాలేదే! జనం ఒకటే నగు." దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంతలో తిన్నె వైపు నుంచి అరుపులు వినబడ్డాయి. "అదేంది, మీ ఇంటి ముందర కొట్లాటా?"

"లోకంలో టెన్నిసు ఆడే ఆడోళ్ళలో ఎవురు గొప్పని."

అది తిన్నె వైపు చెయ్యి చూపింది. "ఆ గొప్పామెను వాళ్ళ నాయన ఇల్లు కదలనీకుంటే, ఆమె పేరు వీళ్ళకు తెలిసుండునా? పోయి అడుగు."

పోయాను. గడప దాటి, తిన్నె మీద నిలబడి, ఆ మాటే అడిగాను. అడిగినట్టు లేదు, ఏడ్చినట్టుంది.

నాయన కోప్పడలేదు. మెత్తగానే అన్నాడు. "ఆళ్ళ దేశం వేరే, ఆళ్ళ నాయనలు వేరేమ్మా."

"అట్లయితే ఆళ్ళ గొప్ప మనకెందుకు నాయనా?"

జడ్జిగారు దగ్గారు. మళ్ళీ అమెరికా ఆమె సర్వీసు దగ్గర వాదన అందుకున్నారు. నేను లోపలికి వచ్చిన కాసేపటికి, ఫ్రాన్సు ఆమే గొప్పదని తీర్పయింది. నాయన పొంగిపోయి, అందరికీ కాఫీ పంపమని కేకేశాడు.

"నువ్వు కలపవే," అంది అమ్మ.

నేను కలపలేదు. పెరటి వాకిలి దాటి, బయటి మెట్టు మీద నా జోడీ పక్కన కూర్చున్నాను. తిరుపతిలో ఒక్కతే ఎట్లా ఆడిందో మొదటి బంతి నుంచి చెప్పమన్నాను. అది చెప్పింది, నా మీద కోపం తగ్గకుండానే. లోపలి నుంచి నాయన నన్ను పిలుస్తూనే ఉన్నాడు.