ఇరుసు వెనక బరువు

పికప్ వెనక ట్రైలర్ తగిలించి బరువులు లాగే ఆ మనిషిని అందరూ నిదానం అంటారు. పడవలు, జనరేటర్లు, ఒకసారి ఎవరిదో ఇనుప మెట్ల వరస మొత్తం లాగాడు. బండి తీసేముందు చుట్టూ తిరిగి గొలుసులు గుంజి చూస్తాడు, టైర్లు తడుముతాడు. "బండి తోలడానికొచ్చావా, కొనడానికొచ్చావా?" అని జనం నవ్వుతారు. సరుకు దగ్గరుండి తనే ఎక్కిస్తాడు. ఇంకొకరు ఎక్కించింది లాగడు.

ఆ పట్టు ఒక్కసారే సడలించాడు, బావ కోసం.

బావ వడ్రంగి. షెడ్డు ఖాళీ చేసి కొండ దిగువకు మారుతున్నాడు. చెక్కను చిత్రిక పట్టే పోత ఇనుప యంత్రం ఒక్కటే అతనికి ఆధారం. తలుపు కొలత దగ్గర మాట పెరిగి బావా బావమరుదులు మూడేళ్లు మొహాలు చూసుకోలేదు. అక్క ఏడ్చి, అలిగి, ఈ మధ్యే ఇద్దర్నీ కలిపింది.

నిదానం వచ్చేసరికే యంత్రం ట్రైలర్ మీదుంది, వెనక అంచున.

"దింపేటప్పుడు సుఖంగా ఉంటుందని అక్కడే పెట్టించా" అన్నాడు బావ.

బరువుకు పికప్ వెనక భాగం కాస్త కుంగాలి. కుంగలేదు సరికదా, పైకి లేచింది. ట్రైలర్ బరువులో సగానికి పైగా ఇరుసుకు ముందుండాలి. వెనక్కి పడితే వేగంలో ట్రైలర్ తోకలా ఊగుతుంది, బండినీ తిప్పేస్తుంది.

"బావా, కాస్త ముందుకు జరుపుదామా?"

"మొదలెట్టావా? వచ్చీ రాగానే వంకలు!"

గుమ్మంలోంచి అక్క తమ్ముడి వైపు చూసింది. అతను బండెక్కాడు. అక్క పక్కన కూర్చుంది. యంత్రం కళ్లముందే ఉండాలని బావ స్కూటర్ మీద వెనకాలే బయల్దేరాడు.

దిగుడు మొదలయ్యేదాకా ఏమీ కాలేదు. మలుపు దాటాక ఒక లారీ గాలి చరుస్తూ పక్కనుంచి దూసుకుపోయింది. ట్రైలర్ ఒకసారి ఎడమకు జరిగింది. కుడికి జరిగింది. మళ్లీ ఎడమకు, ఈసారి ఇంకా ఎక్కువగా. పికప్ నడుం కూడా కదలసాగింది.

"ఏంట్రా ఊగుతోంది?"

"మాట్లాడకక్కా."

"మీ బావ వెనకే ఉన్నాడురా!"

అద్దంలో స్కూటర్ ఒకసారి కనబడుతోంది, ఒకసారి ట్రైలర్ చాటుకు పోతోంది. కాలు బ్రేకు మీదికి పోబోయింది, బలవంతాన ఆపుకున్నాడు. ముందు బండి ఆగితే వెనక బరువు దాన్ని అడ్డంగా తోసేస్తుంది. ఊపుకు ఎదురుగా స్టీరింగ్ తిప్పినా అంతే. స్టీరింగ్ తిన్నగా బిగబట్టి, యాక్సిలరేటర్ వదిలేసి, ట్రైలర్ చక్రాలకు మాత్రమే బ్రేకు పట్టే చిన్న మీటను వేళ్లతో మెల్లగా నొక్కాడు. ట్రైలర్ గుంజుకుంది. ఒక చక్రం రోడ్డు అంచు కంకర మీదికి పోయి మళ్లీ ఎక్కింది. అక్క డాష్‌బోర్డు పట్టుకుని కళ్లు మూసుకుంది. ఊపు తగ్గింది. ఇంకా తగ్గింది. దిగువన చదునైన చోట బండి ఆగింది.

బావ స్కూటర్ స్టాండు వేయబోతే అది పక్కకు పడిపోయింది. లేపలేదు.

"నన్ను చంపేద్దామనుకున్నావా?"

"ఎక్కించిందెవరు?" అంది అక్క, బండి దిగుతూ.

"నువ్వాగక్కా. చూసి కూడా బండి తీశాను, తప్పు నాదే" అన్నాడు నిదానం. "కానీ బావా, అది ముందుకు జరిగితేనే బండి కదిలేది. ఇంకో మూడేళ్లు మాట్లాడకపోయినా సరే, ఇక్కడే ఉంటా."

బావ అక్క వైపు చూశాడు. అక్క ఈసారి తమ్ముణ్ణి ఆపలేదు.

చక్రాలకు చెక్క ముక్కలు అడ్డం పెట్టి, యంత్రం కింద పైపులు దూర్చి, గడ్డపారలతో కొంచెం కొంచెంగా జరిపారు. పికప్ వెనక భాగం కుంగింది. నిదానం తాళ్లు బిగించి, ఒక్కో ముడీ లాగి చూశాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

"స్కూటర్ ఎక్కడ ఎక్కించమంటావ్?" అన్నాడు బావ.

నిదానం చెయ్యి పెట్టి చోటు చూపించాడు.

ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. కొత్త షెడ్డు వచ్చేదాకా బావ అద్దంలో కనబడే ట్రైలర్ మీంచి చూపు తిప్పలేదు.