నీలం డ్రమ్ము

సోమవారం సాయంత్రం నాలుగుంబావుకు హిందూపురంలో ధర్మవరం ప్యాసింజరు ఎక్కాను. పాత సామాన్ల అంగడిలో కొన్న నీలం డ్రమ్మును కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. ఎదుటి సీటులో ఇస్త్రీ చొక్కా మనిషి. ఫ్యాక్టరీల విష వ్యర్థాలను శుద్ధి చేసే కంపెనీలో పని అని చెప్పాడు.

"ఫ్యాక్టరీలు వచ్చేకొద్దీ విషమూ పెరుగుతాది గదవ్వా. ఈ సీమలో వానకు కరువు గానీ మా యాపారానికి కరువు లేదు," అన్నాడు.

అంతలో డ్రమ్ము మీద సగం చిరిగిన ఇంగ్లీషు చీటీ అతని కంటబడింది. వంగి చదివాడు.

"ఇది దేనికవ్వా?"

"పశువులకు నీళ్ళు పెట్టేదానికప్పా."

అతను కింద ఉన్న తన టిఫిన్ డబ్బాను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాళ్ళు కూడా పైకి ముడుచుకున్నాడు.

"ఏమప్పా, మురికిగా ఉండాదా? ఇంటికి పోయి కడుగుతాలే."

"కడుక్కోవ్వా, బాగా కడుక్కో," అని నవ్వి, పెనుకొండలో దిగిపోయాడు.

నేను సోడాపొడి వేసి రెండుసార్లు కడిగి, పశువులకు నీళ్ళు పెట్టాను. అందులో ముందు ఉన్న విషపు మందు ఎంత కడిగినా పోదనీ, విష వ్యర్థాల పనిలో ఉన్నవాళ్ళందరికీ అది తెలుసుననీ తరవాత వచ్చిన పశువుల డాక్టరు ఆ చీటీ చదివి చెప్పాడు.

పోయినవి: చూడి ఆవు ఒకటి, దాని కడుపులోని దూడ ఒకటి, మేకలు నాలుగు.